ఎరుపు లేకుండా నెత్తురు: పదహారో శతాబ్దపు అచ్చు బొమ్మల్లో బైబిలు తెగుళ్లు

బైబిలు కథలో ఇశ్రాయేలీయుల్ని వదలనన్న ఐగుప్తు రాజు ఫరో మీదికి దేవుడు వరుసగా పది తెగుళ్లు పంపుతాడు. మొదటిది నిర్గమకాండం ఏడో అధ్యాయంలో ఉంది: మోషే అన్న అహరోను కర్ర ఎత్తి నైలు నదిని కొడతాడు. నీళ్లన్నీ నెత్తురైపోతాయి. చేపలు చచ్చి తేలతాయి, నది కంపు కొడుతుంది, తాగడానికి చుక్క నీరు లేక ఐగుప్తు జనం ఏటి గట్టున చెలమలు తవ్వుకుంటారు. కుంచె పట్టినవాడికి ఈ ఘట్టం పెద్ద కష్టం కాదు. నదికి కాస్త ఎరుపు పూస్తే చూసినవాళ్లకు విషయం తెలిసిపోతుంది. చెక్క మీద బొమ్మ చెక్కి అచ్చు వేసేవాడికి ఆ వీలు లేదు. అతని దగ్గర ఉన్నవి రెండే, నల్ల సిరా, తెల్ల కాగితం. గీతలతో నీళ్లు గీయొచ్చు, అలలు గీయొచ్చు. అవే గీతలు నెత్తురని ఎలా చెప్పాలి?

పదహారో శతాబ్దంలో, ముఖ్యంగా దాని రెండో సగంలో, యూరప్‌లో బైబిలు బొమ్మలు అచ్చు వేసినవాళ్లందరికీ ఈ చిక్కు ఎదురైంది. నెత్తురు ఒక్కటే కాదు, బైబిల్లో చెప్పిన తెగుళ్లలో చాలావరకు బొమ్మకు లొంగేవి కావు. పేలు కంటికి ఆనవు. చీకటి గీస్తే ఇంకేమీ కనపడదు. నేల మీద పడున్న ఆవు చచ్చిందో పడుకుందో గీత చెప్పలేదు. కంపు సంగతి సరేసరి. అయినా లియోన్‌లో, నురెంబర్గ్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, వెనిస్‌లో, హార్లెమ్‌లో ఈ పని ఆగలేదు. రంగు లేకపోవడం వాళ్ల పనికి అడ్డం రాలేదు, పైగా దారి చూపింది. నీళ్లలో, పురుగుల్లో, ఆకాశంలో ఉన్న తెగులును వాళ్లు మనిషి ఒంటి మీదికి తెచ్చారు. ముక్కు మూసుకున్న చేయి, పక్కకి తిప్పుకున్న తల, వెనక్కి లాగిన బిడ్డ, ఇవే వాళ్లకు ఎరుపు రంగయ్యాయి.

ముందు మాట గురించి కొంచెం చెప్పుకోవాలి. తెలుగు బైబిలు ఈ విపత్తులకు వాడిన మాట తెగులు. వరి పండించే ఇళ్లలో అగ్గి తెగులు అన్నా, మిరప తోటలో ఎండు తెగులు అన్నా వెంటనే మనసులో మెదిలేది లోపల్నుంచి మొక్కను తినేసే రోగం. లాటిన్ బైబిల్లో ఉన్న మాట ప్లాగా. దానికి అసలు అర్థం దెబ్బ, ఆ దెబ్బకి అయిన గాయం. హీబ్రూ మాటల్లో కూడా కొట్టడం, తాకడం అనే అర్థాలు ఉన్నాయి. ఈ తేడా చిన్నది కాదు. తెగులు అన్నప్పుడు కొట్టే చేయి కనపడదు. దెబ్బ అన్నప్పుడు కొట్టేవాడు కూడా మనసులో ఉంటాడు. అందుకే యూరప్ బొమ్మల్లో ఎక్కడో ఒకచోట కర్ర లేచి ఉంటుంది, లేదా దేవదూత కత్తి దూసి ఉంటాడు.

దావీదు కథలో ఇది బాగా తెలుస్తుంది. రెండో సమూయేలు గ్రంథం 24వ అధ్యాయంలో దావీదు జనాభా లెక్క రాయిస్తాడు. అది దేవుడికి నచ్చదు. ప్రవక్త గాదు వచ్చి మూడు శిక్షల్లో ఒకటి కోరుకోమంటాడు: కరువు, శత్రువుల చేతిలో తరిమివేత, మూడు రోజుల తెగులు. మనుషుల చేతిలో పడేకన్నా దేవుడి చేతిలో పడటమే మేలని దావీదు అంటాడు. తెగులు వచ్చి 70,000 మంది చచ్చిపోతారు. యెరూషలేము మీదికి చేయి చాచిన దూత అరౌనా కళ్లం దగ్గర ఆగుతాడు. ఆ కళ్లం దగ్గర దావీదు కంటికి దూత కనపడతాడు. 70,000 శవాలు ఏ కాగితమ్మీదా పట్టవు. ఐదారుగురు నేల మీద పడి ఉంటే, పైన మబ్బుల్లో కత్తి పట్టిన దూత ఉంటే, కింద రాజు మోకాళ్ల మీద ఉంటే చాలు, చదువరి మిగతాది పూరించుకుంటాడు. 590లో రోమ్‌లో మహమ్మారి తగ్గినప్పుడు పోప్ గ్రెగరీకి కత్తి ఒరలో పెట్టుకుంటున్న దూత కనపడ్డాడని ఒక నమ్మకం ఉంది. అక్కడి పాత సమాధి కోటకు దూత కోట అనే పేరు దానివల్లే వచ్చింది. కాబట్టి కత్తి పట్టిన దూతను చూడగానే ప్లేగు అని గుర్తుపట్టడం జనానికి అప్పటికే అలవాటు.

వాళ్లకు ప్లేగు పాత కథ కాదు. 1348 తర్వాత మూడు వందల ఏళ్ల పాటు అది యూరప్‌ని వదల్లేదు. ఒక తరం మరిచిపోయేలోపు మళ్లీ వచ్చేది. 1575–77 మధ్య వెనిస్‌లో సుమారు 50 వేల మందిని తీసుకుపోయింది, అంటే దాదాపు నాలుగో వంతు జనాన్ని. వెనిస్ చిత్రకారుడు తిషియన్ చనిపోయింది 1576 ఆగస్టులో, ఆ రోజుల్లోనే. ఆ ఏడే వెనిస్ సెనేట్ మొక్కుకుంటే పల్లాడియో గీసిన నమూనాతో రెదెంతోరె చర్చి లేచింది. ఐగుప్తు తెగుళ్ల బొమ్మ చేతిలోకి తీసుకున్న మనిషి పక్క వీధిలో ప్లేగు ఉందని తలుపుకి గుర్తు వేసిన ఇల్లు చూసి ఉంటాడు. ఆ బొమ్మ ముందు అతను ఎంతసేపు నిలబడి ఉంటాడో ఊహించుకుంటే మనకీ గుండె బరువెక్కుతుంది.

ఇక పని ఎలా జరిగేదో చూద్దాం. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ గుడ్డల మీద టేకు అచ్చులు గుద్దడం చూసినవాళ్లకు చెక్క అచ్చు సూత్రం వేరే చెప్పక్కర్లేదు. అక్కర్లేని చెక్కను తొలిచేస్తే ఉబ్బుగా మిగిలిన గీతే గుడ్డ మీద పడుతుంది. పెడనలో ఎరుపుకి ఒక అచ్చు, నలుపుకి ఒక అచ్చు వేరుగా ఉంటాయి. యూరప్ పుస్తకాల బొమ్మకి మామూలుగా ఉండేది ఒక్కటే అచ్చు, నల్లది. ఇటలీలో ఉగో ద కార్పీ లాంటివాళ్లు రెండు మూడు దిమ్మెలతో నీడల రంగులు కూడా వేశారు, కానీ అవి విడి బొమ్మలు, ఖరీదైనవి. బైబిలు పుస్తకంలో అక్షరాలతో పాటే బొమ్మ కూడా ఒకే మరలో, ఒకే సిరాతో, ఒకే నొక్కుడుతో పడాలి. జర్మన్ ఊళ్లలో అచ్చు బొమ్మలకు చేత్తో రంగులు పూసే వృత్తివాళ్లు ఉండేవారు. వాళ్లు పూస్తే నది ఎర్రబడేది, పూయకపోతే లేదు. బొమ్మ గీసేవాడు మాత్రం పూయరనే అనుకుని గీయాలి.

రాగి రేకు పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. బ్యూరిన్ అనే ఉక్కు ములికితో రేకులో గాడి తీస్తారు. రేకంతా సిరా పూసి తుడిచేస్తే గాడిలో మాత్రం సిరా మిగులుతుంది. తడి కాగితం వేసి రోలర్ల మధ్య నొక్కితే కాగితం ఆ సిరాను పైకి లాగుతుంది. చేతి ఒత్తిడి పెరిగితే గీత లావవుతుంది, తగ్గితే వెంట్రుకంత సన్నబడుతుంది. చెక్కకు లేని ఈ గుణం వల్లే మనిషి చర్మం, కండ, నీడ రాగి మీద ఒప్పుగా వస్తాయి. చచ్చిన ఒంటికీ బతికున్న ఒంటికీ తేడా చూపించాలంటే ఈ గుణం తప్పనిసరి.

1553లో లియోన్‌లో జాన్ ద తూర్న్ అనే ముద్రాపకుడు ఒక చిన్న బైబిలు బొమ్మల పుస్తకం తెచ్చాడు. బొమ్మలు బెర్నార్ సాలొమోన్‌వి, ఒక్కో బొమ్మ కింద నాలుగు పాదాల పద్యం క్లోద్ పరదాన్‌ది. ఒక్కో బొమ్మ అరచేతిలో ఇమిడేంత, సుమారు ఐదున్నర సెంటీమీటర్లు బై ఎనిమిది. అంతకు ముందు బైబిలు చిత్రకారులు చాలాసార్లు తెగుళ్లన్నీ ఒకటి రెండు బొమ్మల్లో కుక్కేసేవారు. సాలొమోన్ వాటిని ఒక్కొక్కటిగా విడదీసి వరుసగా గీశాడు. పేజీ తిప్పితే ఒక తెగులు, మళ్లీ తిప్పితే ఇంకొకటి. కథలో ఫరో గుండె ఎలా కరగకుండా ఉంటుందో పుస్తకం కూడా అలాగే ఆగకుండా నడుస్తుంది. చదివేవాడి వేలే ఆ వరుసను ముందుకు తోస్తుంది. ఒక పెద్ద గోడ చిత్రం ముందు నిలబడితే ఈ అనుభవం రాదు. చిన్న పుస్తకం వల్లే ఇది వచ్చింది.

ఆ చిన్న చోటులో సాలొమోన్ మనుషులు పొడుగ్గా, చిన్న తలలతో, గాలికి ఊగే రెల్లులాగా ఉంటారు. ఫ్రాన్స్ రాజాస్థానపు చిత్రకళలో అప్పుడు నడుస్తున్న తీరు అది. అంత సన్నటి మనిషి చేయి ఎత్తితే చిన్న బొమ్మలో కూడా ఆ చేయి కనపడుతుంది. పేల తెగులు దగ్గర ఇది బాగా పనికొచ్చింది. హీబ్రూలో ఆ పురుగు పేరు కిన్నీమ్. అది పేనో దోమో నేటికీ తేలలేదు. పోప్‌ను ఎదిరించిన మత సంస్కర్త లూథర్ జర్మన్ అనువాదంలో పేలు అన్నాడు, తెలుగు బైబిల్లో కూడా పేలే. దోమైనా పేనైనా ఎనిమిది సెంటీమీటర్ల బొమ్మలో చుక్క కంటే పెద్దది కాదు. పేజీ నిండా చుక్కలు పెడితే అచ్చు మరక అనుకుంటారు. కాబట్టి చుక్క చేయలేని పని ఒళ్లు చేయాలి. గోక్కునేవాడు, విదిలించుకునేవాడు, పారిపోయేవాడు ఉంటేనే ఆ చుక్కలకు అర్థం వస్తుంది. కప్పలు, మిడతలు ఇంత ఇబ్బంది పెట్టవు, వాటికి ఆకారం ఉంది. వడగళ్లూ అంతే.

ఈ బొమ్మలు లియోన్‌లో ఆగిపోలేదు. కొద్ది ఏళ్లలోనే ఇంగ్లీషు, స్పానిష్, జర్మన్, ఇటాలియన్ పద్యాలతో అవే దిమ్మెలు మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. 1560లో నురెంబర్గ్ చిత్రకారుడు విర్గిల్ సోలిస్ వాటిని చూసే తన బైబిలు బొమ్మలు గీశాడు, అవి ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయ్యాయి. 1564లో యోస్ట్ అమ్మాన్ వంతు వచ్చింది. చెక్క దిమ్మె మీద అచ్చు బొమ్మను చూసి ఉన్నదున్నట్టు చెక్కితే కాగితం మీద అది కుడి ఎడమగా తిరగబడుతుంది. అలా ఒక పుస్తకంలో కుడి చేత్తో కర్ర ఎత్తిన మనిషి నకలులో ఎడమ చేత్తో ఎత్తే ప్రమాదం ఉంటుంది. దైవాజ్ఞ నెరవేర్చే చేయి ఎడమది కావడం ఆ కాలపు భక్తులకు కూడా ఇబ్బందే, కాబట్టి జాగ్రత్తపరులు దాన్ని సరిదిద్దేవారు. లిమోజ్ ఎనామెల్ పనివాళ్లు, ఇటలీ పింగాణీ పళ్లేలు చేసేవాళ్లు కూడా సాలొమోన్ బొమ్మల్ని దించుకున్నారు. అక్కడ రంగు మళ్లీ దొరికింది, అయినా మనుషుల భంగిమలు అచ్చు బొమ్మలోవే.

ఈ తెగుళ్ల పుస్తకాన్ని అచ్చు వేసిన జాన్ ద తూర్న్ 1564లో లియోన్‌కి వచ్చిన ప్లేగులోనే చనిపోయాడు.

చీకటి గురించి విడిగా చెప్పుకోవాలి. తొమ్మిదో తెగులు మూడు రోజుల చీకటి, చేతికి తగిలేంత చిక్కటిది. చెక్కను తొలవకుండా వదిలేస్తే అచ్చులో నల్లటి ముద్ద పడుతుంది. అది చీకటే, కానీ బొమ్మ కాదు. కాబట్టి చీకటి గీయాలంటే లోపల కొంచెం వెలుగు దాచాలి. గీత పక్కన గీత, వాటి మీద అడ్డంగా మళ్లీ గీతలు, సందుల్లో పిసరంత కాగితం తెలుపు, ఎక్కడో ఒక దీపం. బైబిలు కథే ఇక్కడ సాయం చేసింది. ఇశ్రాయేలీయుల ఇళ్లలో మాత్రం వెలుగు ఉందని అందులో రాసి ఉంది. వెలుగుకీ చీకటికీ మధ్య గోడ ఉంటే రెండూ కనపడతాయి.

ఈ కిటుకును అందరికంటే బాగా చూపించిన బొమ్మ మాత్రం బైబిలుది కాదు. సుమారు 1515లో, ఇటలీ చిత్రకారుడు రాఫెల్ గీసిన నమూనాను చూసి మార్కాంతోనియో రైమొందీ రాగి మీద చెక్కింది. ఇటలీలో దాన్ని ఇల్ మొర్బెత్తో, అంటే చిన్న తెగులు అంటారు. విషయం రోమన్ కవి వర్జిల్ కావ్యంలోది. ట్రాయ్ కాలిపోయాక ఏనియాస్ తన జనంతో క్రీట్ చేరి ఊరు కట్టుకుంటే అక్కడ తెగులు పుడుతుంది. బొమ్మ చిన్నది, ఇరవై సెంటీమీటర్లు బై ఇరవై ఐదు. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

నడుమ ఒక రాతి స్తంభం, పైన మనిషి తల చెక్కి ఉంటుంది. అది బొమ్మను రెండు ముక్కలు చేస్తుంది. ఎడమ వైపు రాత్రి. ఇంటి లోపల ఒకతను కాగడా కిందికి వంచి చూస్తున్నాడు. ఆ వెలుగులో నేల మీద పడున్న పశువులు బయటపడతాయి. వెనక పడక మీద ఏనియాస్, అతని ముందు వెలుగు పాయలో గృహదేవతలు. గోడలన్నీ అడ్డదిడ్డపు గీతలతో దట్టంగా నిండిపోయి ఉంటే, కాగడా చుట్టూ మాత్రం గీతలు పలచబడతాయి. ఒక్క చుక్క తెల్ల రంగు వాడకుండా, కాగితాన్ని ఖాళీగా వదిలి మంట వెలిగించాడు రైమొందీ.

కుడి వైపు పగలు. విరిగిన స్తంభాలు, ముందు భాగంలో నేల మీద చనిపోయిన తల్లి. పసిబిడ్డ ఆమె రొమ్ము వైపు పాకుతున్నాడు. ఒక మగవాడు వంగి ఒక చేత్తో తన ముక్కు మూసుకున్నాడు, రెండో చేత్తో బిడ్డ తలను రొమ్ము నుంచి తప్పిస్తున్నాడు. తెగులు బొమ్మకు కావలసిందంతా ఈ రెండు చేతుల్లో ఉంది. ముక్కు మీది చేయి కంపును చూపిస్తుంది. కాగితానికి వాసన రాదు, కానీ ఆ చేయి చూస్తే మన ముక్కుపుటాలు బిగుసుకుంటాయి. బిడ్డను తోసే చేయి రోగం అంటుకుంటుందనే భయాన్ని చూపిస్తుంది. తల్లి చనిపోయిందని చెప్పడానికి ఎరుపు అక్కర్లేదు, పచ్చబడిన చర్మం అక్కర్లేదు. బిడ్డను తల్లి దగ్గరికి పోనివ్వకుండా ఆపే పరిస్థితి ఏమిటో ఆలోచిస్తే చాలు.

ఇది రాఫెల్ సొంత ఊహ మాత్రమే అనలేం. ప్లీనీ అనే రోమన్ రచయిత, తీబ్స్ చిత్రకారుడు అరిస్టైడిస్ గీసిన ఒక చిత్రాన్ని వర్ణించాడు. శత్రువులకు చిక్కిన ఊళ్లో గాయపడి చనిపోతున్న తల్లి, రొమ్ము వైపు పాకే బిడ్డ. పాలు ఇంకిపోయి బిడ్డ నెత్తురు తాగుతాడేమో అని తల్లి భయం. ఆ చిత్రం ఎప్పుడో పోయింది, మాటలు మిగిలాయి. రాఫెల్ ఆ మాటల్ని యుద్ధంలోంచి తెగులులోకి మార్చాడు, రైమొందీ దాన్ని రాగి మీద గీశాడు, అచ్చు దాన్ని ఆల్ప్స్ దాటించింది. తర్వాతి వందేళ్లలో తెగులు గీయాలనుకున్నవాళ్లకు ఇది చేతికందే నమూనా. క్రైస్తవ కథకి అన్యమతపు బొమ్మ పనికొస్తుందా అనే శంక ఎవరికీ అడ్డం రాలేదు, చావు రెండు కథల్లోనూ ఒకటే కాబట్టి.

అందరూ ఈ మెత్తని దారిలో నడవలేదు. జాన్ ద తూర్న్ మర నుంచే 1561లో ఇంకో పుస్తకం వచ్చింది. అది సాలొమోన్ పుస్తకానికి పూర్తిగా ఎదురు. లాంగ్ర్ ఊరి కంసాలి జాన్ దువే బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథానికి 23 రాగి బొమ్మలు చెక్కాడు. ప్రకటనలో తెగుళ్లు ఐగుప్తువాటికంటే వింతగా ఉంటాయి. తొమ్మిదో అధ్యాయంలో అగాధం నుంచి లేచే మిడతలకు మనుషుల ముఖాలు, ఆడవాళ్ల జుట్టు, సింహం పళ్లు, తేలు తోకలు. పదహారో అధ్యాయంలో ఏడుగురు దూతలు ఏడు పాత్రల్లోని తెగుళ్లను భూమి మీద కుమ్మరిస్తారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1498లో వీటిని చెక్క మీద చెక్కాడు, దువే ఆ అమరికల్ని తీసుకున్నాడు. కానీ డ్యూరర్ బొమ్మలో ఆకాశం ఆకాశమే, నేల నేలే. దువే బొమ్మలో ఖాళీ అనేది లేదు. రెక్క మీద రెక్క, తల పక్కన తల, మబ్బుకీ వస్త్రానికీ తేడా తెలియనంత కిక్కిరిసి ఉంటుంది. నగ మీద వేలెడు జాగా కూడా వదలకుండా నగిషీ నింపే అలవాటు అతని చేతిదని వెంటనే తెలుస్తుంది. ఇది లోపమని చాలామంది అన్నారు. తెగులు విషయంలో మాత్రం ఇది బలమే. ఊపిరాడని బొమ్మ ఊపిరాడని కాలాన్ని చెబుతుంది. ఎక్కడా కన్ను ఆగి సేద తీరే చోటు లేకపోవడం, ఎక్కడికి పారిపోయినా వదలని శిక్షలాగే ఉంటుంది.

ఆ పుస్తకం మొదటి బొమ్మలో దువే తననే ప్రకటన రాసిన యోహానులాగా గీసుకున్నాడు. నీళ్ల మీద పడవలో ముగ్గురు విధి దేవతలు వస్తున్నారు. 1555 అని, తన వయసు 70 అని రాసుకున్నాడు. లాటిన్‌లో రెండు పాదాలు కూడా చెక్కాడు. విధి తరుముతోంది, చేతులు వణుకుతున్నాయి, చూపు ఆనడం లేదు, అయినా మనసు గెలిచి నిలబడి ఈ పెద్ద పని చేయమంటోంది అని వాటి భావం. ఆ వణికే చేత్తో చెక్కిన గీతలని తెలిశాక ఆ కిక్కిరిసిన పేజీల్ని తప్పు పట్టాలనిపించదు.

తెగులు బొమ్మ భక్తికి మాత్రమే పరిమితం కాదు. ఎవరి మీద పడిన దెబ్బ అనే ప్రశ్న వచ్చిన వెంటనే అందులో రాజకీయం ఉంటుంది. దువే కంటే ముందే, 1522 సెప్టెంబర్‌లో విట్టెన్‌బర్గ్‌లో వచ్చిన లూథర్ కొత్త నిబంధనకు చిత్రకారుడు లూకాస్ క్రానాఖ్, అతని శాల మనుషులు ప్రకటన బొమ్మలు చేశారు. అందులో మృగం తల మీద, బబులోను వేశ్య తల మీద పోప్ పెట్టుకునే మూడంతస్తుల కిరీటం ఉంది. గొడవైంది. డిసెంబర్‌లో రెండో కూర్పు వచ్చేసరికి ఆ దిమ్మెల మీదే పై అంతస్తులు చెక్కేసి మామూలు కిరీటాలుగా మార్చారు. కుంచెతో గీసిన బొమ్మకి ఇలా చేయాలంటే పైన రంగు పూయాలి. ఉబ్బుగీత దిమ్మెకి ఉలి ఆనిస్తే చాలు. తీసేసింది కాగితం మీద తెల్లగా మిగిలిపోతుంది. 1534 పూర్తి బైబిల్లో మూడంతస్తుల కిరీటాలు తిరిగొచ్చాయి.

వెనిస్‌లో ఇదే ఆలోచన గోడంత పెరిగింది. తిషియన్ గీసిన ఫరో సైన్యం మునక అనే చెక్క అచ్చు 12 దిమ్మెల మీద, 12 కాగితాల మీద పడుతుంది. అన్నీ అతికిస్తే ఎత్తు సుమారు 1.2 మీటర్లు, వెడల్పు రెండు మీటర్లకు పైనే. ఐగుప్తు తెగుళ్ల కథకి ఇది ముగింపు. బెర్నార్దీనో బెనాలియో 1515లోనే దీనికి వెనిస్ సెనేట్ దగ్గర హక్కు అడిగాడు. ఇప్పుడు మనకి మిగిలినది 1549లో దొమెనికో దల్లె గ్రేకె వేసిన కూర్పు. 1508 తర్వాత పోప్, ఫ్రాన్స్, స్పెయిన్, జర్మన్ చక్రవర్తి కలిసి వెనిస్ మీదికి వచ్చారు. 1509లో వెనిస్ ఓడింది, కానీ చుట్టూ ఉన్న ఉప్పునీటి మడుగు దాటి ఎవరూ ఊళ్లోకి రాలేకపోయారు. నీళ్లు తమను కాపాడాయని వెనిస్ జనానికి నమ్మకం. తిషియన్ బొమ్మలో మునిగిపోయే ఐగుప్తు సైనికులు తొడుక్కున్నవి ఆ కాలపు కవచాలే. కుడి గట్టున ఇశ్రాయేలీయులు, మోషే చాచిన కర్ర, మధ్యలో కాగితాలకు కాగితాలు వట్టి నీళ్లు. ముందు రాయి మీద ఒక కుక్క మునిగేవాళ్ల వైపు వెనక పెట్టి దొడ్డికి కూర్చుంది. పవిత్ర కథలో ఈ మోటుతనం ఎందుకని కొందరు ఇబ్బంది పడ్డారు. యుద్ధం చూసిన ఊరి కోపం అది, దాచుకోలేదంతే.

ఈ బొమ్మలో కూడా ఎరుపు లేదు, సముద్రం పేరు ఎర్ర సముద్రమైనా. పక్కపక్కన సాగే పొడుగాటి గీతలే అలలు. గీతలు మెలి తిరిగిన చోట సుడి, సుడి మధ్య గుర్రం తల, ఒక చేయి. చెక్కినవాడు ఆ గీతల్ని తిషియన్ కలం ఒరవడి చెడకుండా వదిలాడు. అందుకే నీళ్లు దగ్గరికొచ్చి చూస్తే గీతలు, దూరం జరిగితే బరువు.

ఉత్తరాన హార్లెమ్‌లో మార్టెన్ వాన్ హేమ్‌స్కెర్క్ గీసి, ఫిలిప్స్ గాల్లె రాగి మీద చెక్కిన 22 బొమ్మల వరుస 1569లో వచ్చింది. పేరుకి అర్థం యూదా జాతి విపత్తులు. సొదొమ కాలడం, యెరికో గోడలు కూలడం, యెరూషలేము పతనం లాంటి నాశనాలన్నీ ఒకదాని వెంట ఒకటి. హేమ్‌స్కెర్క్ 1530ల్లో కొన్నేళ్లు రోమ్‌లో ఉండి శిథిలాలు గీసుకున్నాడు, ఆ రాళ్లే ఇక్కడ బైబిలు ఊళ్లయ్యాయి. ఇది వచ్చింది 1566 తర్వాత మూడేళ్లకి. 1566లో నెదర్లాండ్స్ అంతటా జనం చర్చిల్లోకి చొరబడి విగ్రహాలు, చిత్రాలు పగలగొట్టారు. విగ్రహాలు పెట్టినందుకు దేవుడు శిక్షించాడా, పగలగొట్టినందుకు శిక్షిస్తాడా అని ఒకే వీధిలో రెండు ఇళ్లవాళ్లు వాదించుకునే రోజుల్లో ఈ బొమ్మలు రెండు ఇళ్లకూ అమ్ముడుపోగలిగాయి. చర్చి గోడ మీది చిత్రం పగిలిపోతుంది. కాగితం మీది బొమ్మ పెట్టెలో మడత పెట్టుకోవచ్చు.

ఇవన్నీ చూశాక మళ్లీ ఆ ముక్కు మీది చేయి దగ్గరికి రావాలి. 1630–31లో రోమ్‌లో నికొలా పుస్సెన్ అష్డోదు తెగులును తైలవర్ణంలో గీశాడు. మొదటి సమూయేలు ఐదో అధ్యాయంలోని కథ. ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయుల పవిత్ర పెట్టె అయిన దేవుని మందసాన్ని ఎత్తుకుపోయి తమ దేవుడు దాగోను గుడిలో పెడతారు, దాగోను విగ్రహం బోర్లా పడి తల, చేతులు విరుగుతాయి, ఊరంతా గడ్డలు లేస్తాయి. గ్రీకు, లాటిన్ బైబిళ్లలో ఎలుకల ప్రస్తావన కూడా ఇక్కడ ఉంది, పుస్సెన్ బొమ్మలో ఎలుకలు వీధిలో తిరుగుతాయి. ఆ ఏడు ఉత్తర ఇటలీలో మిలాన్ ప్లేగుతో ఊడ్చుకుపోతోంది. ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం దాదాపు రెండు మీటర్ల వెడల్పు. పుస్సెన్ చేతిలో నీలం ఉంది, పసుపు ఉంది, ఎరుపు ఉంది, చచ్చిన చర్మానికి వేసే బూడిద పచ్చ ఉంది. గడ్డలు గీయొచ్చు, చీము గీయొచ్చు, ఏ అడ్డూ లేదు.

అతను బొమ్మ ముందు భాగంలో చనిపోయిన తల్లిని పడుకోబెట్టాడు. ఒక పసివాడు పక్కన చచ్చి ఉన్నాడు, ఇంకొకడు రొమ్ము వైపు పాకుతున్నాడు. వాళ్ల మీదికి వంగిన మనిషి ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేయి బిడ్డ వైపు చాస్తున్నాడు.